ఎర్రబంక

గౌస్ మొహిద్దీన్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు, బండ్ల రంగులు గుర్తుంటాయి. రేణిగుంట రోడ్డులో తన షెడ్డు ముందు నుంచి పోయే కారును చూసి, ఇది ఫలానా ఏడు లారీకి గుద్దుకుంది, ఎడమ తలుపుకు రంగు కొట్టింది నేనే అని ఠక్కున చెప్తాడు. దాన్ని నడిపేవాడు ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టినవాడైనా సరే, "ఎవరబ్బా ఆయప్ప?" అని అడుగుతాడు. పనిమంతుడే, కాదనలేం. కానీ వట్టి అనుమానం మనిషి. అద్దంలో తన ముఖమే కనిపిస్తే, వీడు నన్నెందుకు చూస్తున్నాడు అని ఆలోచించే రకం.

అలాంటివాడికి ఒక గురువారం పొద్దున సొంత అల్లుడి కారు మీద తనకు తెలియని రంగు కనిపించింది. ఇంకేం కావాలి!

అల్లుడి పేరు షాబాజ్. చంద్రగిరిలో కాపురం, టాక్సీ తోలుకుని బతుకు. గౌస్ ఒక్కగానొక్క కూతురు గుల్నాజ్‌ను చేసుకున్నాడు. ఆ పిల్లకు ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. పెళ్ళికి ముందు షాబాజ్ పాత కారు ఒకటి కొనుక్కుంటే, దాని పాత రంగంతా ఊడగొట్టి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, పాలలాంటి తెలుపు కొట్టి ఇచ్చింది గౌసే. అందుకే ఆ కారు మీద చిన్న గీత పడినా ఆయన ఒంటి మీద పడినట్టే ఉంటుంది.

ఆ గురువారం గౌస్ షెడ్డుకు వచ్చేసరికి షాబాజ్ అప్పటికే కారును కొళాయి దగ్గర పెట్టుకుని, టాపు మీద ఏదో గీకుతున్నాడు. చేతిలో బ్లేడు.

"రేయ్! ఏం జేస్తాండావురా ఆ బ్లేడుతో? నీ గడ్డం అనుకుంటివా?" అని గౌస్ అరిచిన అరుపుకు పక్క పంచర్ షాపువాడు కూడా చేతిలోని పని ఆపేశాడు.

షాబాజ్ బ్లేడును చటుక్కున జేబులో వేసుకున్నాడు. "ఏం లేదు మామా. రవంత బంక పడినాది. నేనే తీసేద్దామని."

గౌస్ దగ్గరికి వెళ్ళి చూశాడు. టాపు మీద, డిక్కీ తలుపు మీద చింతగింజలంత బొట్లు ఎండిపోయి గట్టిగా పట్టుకున్నాయి. గోరుతో నొక్కితే లోపల ఇంకా మెత్తగా ఉంది. బంకే. కానీ ఎర్రగా ఉంది.

"ఏం చెట్టు కింద పెట్టినావు?"

"వేపచెట్టు."

"యాడ?"

షాబాజ్ గుటక మింగి, "చంద్రగిరి కోట కాడ మామా. సూసేదానికి వచ్చినోళ్ళను దించి ఆడ పెట్టినా," అన్నాడు.

ఆ గుటక దగ్గరే గౌస్ ఆగిపోయాడు. నిజం చెప్పేవాడికి గుటకతో ఏం పని? పైగా వేపబంక ఎలా ఉంటుందో ఆయనకు తెలియదా? ఇన్నేళ్ళలో ఎన్ని కార్ల మీద తీశాడు! వేపబంక తేనె రంగు. తుమ్మబంక కాస్త నలుపు. మామిడి సొన పడితే రంగు కాలి మచ్చ పడుతుంది. ఎర్రటి బంక కార్చే చెట్టు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఆయన మనసుకు తట్టింది. మీరు తిరుపతి వాళ్ళయితే మీకూ అదే తట్టేది. బంక, ఎరుపు, కారు, ఈ మూడు మాటలు ఒకచోట చేరితే ఈ ఊళ్ళో చంటిపిల్ల కూడా నాలుగో మాట చెప్పేస్తుంది. ఎర్రచందనం.

ఆ మాట ఆయన పైకి అనలేదు. "నువ్వు పక్కకు రా. నేను తీస్తా," అన్నాడు.

బంక తీయడం తొందర పని కాదు. గీకితే రంగు లేస్తుంది, తిన్నర్ పెడితే బంకతో పాటు రంగూ పోతుంది. గౌస్ స్టవ్వు మీద నీళ్ళు కాచి, బనీను గుడ్డను అందులో ముంచి పిండి, బొట్ల మీద పరిచాడు. అవి నానాక కొబ్బరినూనె రాసి వదిలేశాడు. ఆ తర్వాత దూదిని స్పిరిట్‌లో తడిపి, ఒక్కొక్క బొట్టు మీద అద్ది, అట్లే పట్టుకుని, రుద్దకుండా మెల్లగా పైకి లాగాడు. మొదటి దూదికి ఎరుపంతా వచ్చేసింది. రెండో దూదికి వచ్చిన బంక తేనె రంగులోనే ఉంది. గౌస్ దాన్ని ఎండకు పెట్టి చూశాడు కూడా. చూసి ఏమనుకున్నాడు? స్పిరిట్ తగిలితే ఎరుపు విరిగిపోయిందిలే అనుకున్నాడు. అనుమానం ఒకసారి ఇంట్లో చాప పరుచుకుంటే, కళ్ళు చూసినదానికి కూడా అదే అర్థం చెప్తుంది.

ఇంతలో షాబాజ్ ఫోన్ మోగింది. ఫోన్ చూసుకుని, మామను ఒకసారి చూసి, షెడ్డు వెనక్కి పోయాడు. గౌస్ చేతిలో దూదితోనే రేకు గోడకు చెవి ఆనించాడు. తప్పే. కానీ ఆడపిల్ల తండ్రి, ఏం చేస్తాడు!

"పొడుగెక్కువ గదా," అంటున్నాడు షాబాజ్ లోగొంతుకతో. "వెనక సీటు మడిసి నిలువుగా పండబెట్టాల. ఒక్కడి వల్ల గాదు, ఇద్దరు పట్టుకోవాల... పైన దుప్పటి కప్పుదాం... లేదు, రేపే. ఇంక ఆలస్యం జేస్తే కుదరదు... మామకా? మామకు మాత్రం సచ్చినా తెలీకూడదు."

గౌస్ చేతిలోని దూది కింద పడింది.

ఆ రోడ్డులోనే దేవరాజులని ఒక డ్రైవరు ఉండేవాడు. బీడీ కూడా ముట్టని మనిషి. ఎవడో ఆశ చూపిస్తే ఒక్కసారికి, ఒకే ఒక్కసారికి అని సీటు కింద దుంగలు పెట్టుకుని దొరికిపోయాడు. ఇప్పటికీ బయటికి రాలేదు. అతని పెళ్ళాం చంటిబిడ్డను చంకనేసుకుని జైలు గేటు దగ్గర నిలబడడం గౌస్ తన కళ్ళతో చూశాడు. ఇప్పుడు ఆ గేటు దగ్గర గుల్నాజ్ నిలబడి ఉన్నట్టు ఆయనకు కనిపించింది.

షాబాజ్ తిరిగి వచ్చి, మెరుస్తున్న టాపును చూసి, "కొత్తదాని మాదిరి జేసినావు మామా!" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే గౌస్‌కు ఒళ్ళు మండింది. నన్ను పెట్టి నీ దొంగతనం కడిగించుకుంటివా అని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే వాడు జాగ్రత్తపడతాడు, జాగ్రత్తపడితే ఇంకా లోతుకు పోతాడు అనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాడు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మామూలు మాటలన్నీ ఉర్దూలోనే, పోట్లాట మాత్రం తెలుగులో. భార్య వహీదున్నీసా పప్పు వడ్డిస్తుంటే ఆయన తెలుగులో మొదలుపెట్టాడు. ఆమెకు అప్పుడే అర్థమైంది, ఏదో వచ్చిందని.

"మీ అల్లుడు ఈ మధ్య యాడికి పోతాండాడు?"

వహీదున్నీసా చేతిలో గరిటె గిన్నెకు కొట్టుకుంది. "నాకేం తెలుసు? టాక్సీ తోలేవాడు, యాడికైనా పోతాడు."

"వారం వారం గుల్నాజ్ కాడికి పోతాండావు గదా. రేపు గూడా పోతాండావు. నీకు తెలీకుండా ఉంటాదా?"

"నేను బిడ్డను సూసుకునేదానికి పోతాండా, అల్లుడికి కావలి గాసేదానికి కాదు," అంది గానీ, ముఖంలో రక్తం చుక్క లేదు. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే రకం నువ్వు!"

"పాలు తాగేవాడికి తాటిచెట్టు కింద ఏం పని?"

వహీదున్నీసా పప్పుగిన్నె మీద మూత పెట్టేసింది. గౌస్ ముందు ఎదురు మాట్లాడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆమె సొంత అన్న జానీ బాషాది నగరి, మరమగ్గాల పని. గుల్నాజ్ పెళ్ళిలో నలుగురూ భోజనాలు చేస్తుంటే ఆయన సరదాకు, "మా బావకేమబ్బా, తుప్పు మీద రంగు పూసి పెండ్లికొడుకును జేసేస్తాడు," అన్నాడు. అందరూ నవ్వారు. గౌస్ నవ్వలేదు. జానీ బాషా అన్నది కారు గురించి కాదు, అల్లుడి గురించనీ, తన పని గురించనీ, చివరికి తన పుట్టుక గురించనీ అర్థం తీసుకున్నాడు. చేయి కడుక్కుని లేచి, పెళ్ళానికి ఆ పందిట్లోనే చెప్పాడు: "మళ్ళా మీ అన్న గడప తొక్కితే నా గడప తొక్కొద్దు." అప్పటి నుంచి ఆ ఇంట్లో నగరి అనే మాటే లేదు. నగరి బస్సు ఎదురొచ్చినా గౌస్ ముఖం తిప్పుకుంటాడు.

భార్యకు కూడా తెలుసు, తెలిసే దాస్తోంది అని గౌస్ తీర్మానించుకున్నాడు. సగం అన్నం కంచంలోనే వదిలి లేచాడు.

సాయంత్రం టీ అంగడి మునిప్రసాద్ ఉన్న మంటకు ఇంత నెయ్యి పోశాడు. "మీ అల్లుడి బండిని పోయిన శుక్రవారం వడమాలపేట కాడ సూసినా గౌసన్నా. పుత్తూరు తట్టు పోతా ఉండె. చెయ్యూపితే గూడా ఆపలే."

చంద్రగిరి ఒక తట్టు, వడమాలపేట ఇంకో తట్టు. చంద్రగిరి కోట కాడ ఉన్నానన్నవాడు వడమాలపేటలో ఏం చేస్తున్నాడు? కొండ కింద దుంగలు ఎక్కించుకుని మద్రాసు దారి పడుతున్నాడు, అంతే. గౌస్‌కు అన్నీ కుదిరిపోయాయి. ఎర్రబంక, పొడుగు సరుకు, దుప్పటి, వడమాలపేట. ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ దారిలో చెక్‌పోస్టు దగ్గర మోహన్ అనే ఫారెస్టు గార్డు ఉంటాడు. వాడి మోటర్‌సైకిల్ ట్యాంకుకు గౌసే రంగు కొట్టాడు. వాడికి ఫోన్ చేశాడు.

"మోహనప్పా, ఒక మాట. రేపు మావాడి బండి అట్ల వస్తాది. పొయ్యేటప్పుడే ఆపు, ఖాళీగా ఉండేటప్పుడే. రవంత బెదిరించు. ఇంకోసారి ఆ దావ పట్టకుండా భయం పెట్టి వదిలెయ్యి."

"ఏమైంది గౌసన్నా? సరుకేమన్నా తోలతాండాడా?"

గౌస్ అంతా చెప్పేశాడు. టాపు మీద ఎర్రబంక, వెనక సీటు మడిచే సంగతి, దుప్పటి, అన్నీ. చెప్తుంటే ఏడుపొచ్చింది. "నా బిడ్డ నిండు మనిషప్పా. వాడు జైలుకు పోతే అది బతకదు. కేసు గాకుండా సూడు, నీ కాళ్ళు మొక్కుతా."

"మా సారు లేకపోతే సూస్తాలే," అన్నాడు మోహన్.

మంచి పనే చేశాననుకున్నాడు గౌస్. ముల్లు చిన్నదిగా ఉండగానే తీసేయాలి కదా! ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే వహీదున్నీసా టిఫిన్ క్యారియరు తీసుకుని, గుల్నాజ్ దగ్గరికి పోతున్నానని చెప్పి వెళ్ళిపోయింది. గౌస్ షెడ్డులో కూర్చుని ఫోన్ వంకే చూశాడు. మోగలేదు. ఏ పనికీ చేయి రాలేదు. జుమ్మా నమాజుకు పోయి, అల్లుడికి బుద్ధి ప్రసాదించమని అడిగాడు. తనకు కూడా కాస్త అడుక్కుని ఉంటే ఏం పోయేదో! మసీదు మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది.

"గౌసన్నా, పొయ్యేటప్పుడు దొరకలే, నేను డ్యూటీకి రాకముందే దాటేసినాడు. ఇప్పుడు తిరిగొస్తా దొరికినాడు. మా సారు గూడా ఈడనే ఉండాడు. నువ్వు బిన్నా రా, ఆలస్యం జేయొద్దు."

"ఉండాదా?" అన్నాడు గౌస్.

"ఏముండాదో నువ్వే వచ్చి సూసుకో," అని మోహన్ పెట్టేశాడు. గొంతులో విసుగు ఉంది.

గౌస్ స్కూటర్ మీద వడమాలపేట దారి పట్టాడు. దారి పొడుగునా కూతురికి ఏం చెప్పాలా అన్నదే ఆలోచన. వాడి ఖర్మ అనాలా? నేనున్నాను అనాలా? లాయరు ఎవరు? బిడ్డ పుట్టేలోపు బెయిలు వస్తుందా? పాపం, ఆయన దృష్టిలో షాబాజ్ అప్పటికే జైల్లో ఉన్నాడు.

చెక్‌పోస్టు దగ్గర తెల్ల కారు నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి ఉంది. వెనక సీటు ఊడదీసి రోడ్డు పక్కన మట్టిలో పెట్టారు. టాపు మీద మళ్ళీ ఎర్రబొట్లు. వాటిని ఎవరో తాళంచెవితో గీకి చూసినట్టున్నారు, తెల్ల రంగు మీద పొడుగు గీతలు. షాబాజ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దుంగలు ఎక్కడా లేవు.

రేకుల పంచ కింద కుర్చీలో ఒక పొడుగాటి మనిషి దుప్పటి కప్పుకుని, నోరు తెరిచి ఊపిరి కోసం ఎగబీలుస్తున్నాడు. ఆయన పక్కన నిలబడి బురఖా అంచుతో విసురుతున్నది వహీదున్నీసా.

గౌస్‌కు ముఖాలు గుర్తుండవన్నాను కదా. ఆ ముఖం మాత్రం గుర్తుంది. జానీ బాషా. పెళ్ళి పందిట్లో ఏనుగులా ఉన్న మనిషి, ఇప్పుడు ఎముకల గూడు.

"ఇదేంది గౌసన్నా?" అని మోహన్ రుసరుసలాడుతూ వచ్చాడు. "పొడుగు సరుకంటివి, దుప్పటి అంటివి, ఎర్రబంక అంటివి. నువ్వు అంత గట్టిగా సెప్తివనే గదా ఆపింది! పేషంటును దించి, బండంతా విప్పించి, ఎంతసేపాయెనో! మా సారు నన్ను తిట్టిపోసినాడు."

వాడు మెల్లగా చెప్పలేదు. అందరూ విన్నారు. షాబాజ్ తల తిప్పి మామను చూశాడు. కోపంగా కాదు. అర్థం కాని మనిషిని చూసినట్టు చూశాడు. వహీదున్నీసా విసరడం ఆపేసింది.

మొదట మాట్లాడింది జానీ బాషానే. మాటకూ మాటకూ మధ్య దగ్గు. "ఎర్రబంకనా? అది... మా ఈది అద్దకం రంగు బావా. నూలు తడిపి... వేపచెట్ల మధ్య దండేలు గట్టి ఆరేస్తారు. కింద బండి పెడితే... బంక ఒక పక్క, రంగు ఒక పక్క కారతాది. ఎన్నిసార్లు సెప్పినా... అల్లుడు నీడ కోసమని ఆడనే పెడతాడు."

రంగుల మధ్య పుట్టి పెరిగిన గౌస్ మొహిద్దీన్ నూలు రంగును గుర్తుపట్టలేకపోయాడు. దూది మీద ఎరుపు వేరుగా, బంక వేరుగా వచ్చినప్పుడే తెలిసి ఉండాల్సింది.

"ఊపిరితిత్తులు సెడిపోయినాయి. తిరుపతి పెద్దాసుపత్రికి తీసకపొమ్మన్నారు," అంది వహీదున్నీసా. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు వణకలేదు. "వారం వారం నేనే పోయినా. షాబాజ్‌ను నేనే తీసకపొమ్మన్నా, నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నా. నువ్వు గడప తొక్కొద్దంటివి, నేను తొక్కినా. ఇంక నువ్వేం జేస్తావో జేసుకో. మా అన్నను ఆసుపత్రిలో పెట్టినాంక మాట్లాడుకుందాం."

షాబాజ్ సీటు ఎత్తుకొచ్చి బిగించడం మొదలుపెట్టాడు. గౌస్ ఒక పక్క పట్టుకోబోయాడు. "నేను జేస్తాలే మామా," అని అల్లుడు మర్యాదగానే తీసుకున్నాడు. మోహన్, షాబాజ్ ఇద్దరూ కలిసి జానీ బాషాను ఎత్తి వెనక పడుకోబెట్టారు. వహీదున్నీసా అన్న తల ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీటు మీద ఆసుపత్రి కాగితాలు, బట్టల సంచి, తాకని టిఫిన్ క్యారియరు. గౌస్‌ను ఎక్కమని ఎవరూ అనలేదు.

షాబాజ్ తలుపు వేసుకునేలోపు గౌస్ కిటికీ పట్టుకున్నాడు. "అప్పా షాబాజ్... గుల్నాజ్‌కు సెప్పొద్దప్పా. నేను ఫోన్ జేసిన సంగతి. నిండు మనిషి, తట్టుకోలేదు."

షాబాజ్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూశాడు.

"సెప్పను మామా. ఇన్నాళ్ళు అత్త మాట నీ కాడ దాసినా. ఇంక నీ మాట గుల్నాజ్ కాడ దాస్తా. దాసేదే గదా మన ఇంట్లో నా పని."

కారు వెళ్ళిపోయింది. గౌస్ స్కూటర్ తీయబోతుంటే ఫోన్ మోగింది. గుల్నాజ్.

"అబ్బా, ఆయన ఫోన్ ఎత్తడంలే. అమ్మీ గూడా ఎత్తడంలే. మీరు కోపం జేసుకోకుంటే ఒక మాట సెప్తా. వాళ్ళు నగరి మామను ఆసుపత్రికి తీసకపోతాండారు. ఈపాటికి చేరుకోవాల. నాకు దిగులుగా ఉండాది అబ్బా."

"వస్తాండారు బిడ్డా. చెక్‌పోస్టు కాడ ఆపినారు. ఇప్పుడే పంపించినారు."

"ఎందుకాపినారు? ఆయనేం జేసినాడని?"

ఆపారు, చూశారు, వదిలేశారు అంటే సరిపోయేది. అందరి బండ్లూ ఆపుతారు అన్నా ఆ పిల్ల నమ్మేది. అల్లుడు దాస్తానన్నాడు, వాడు అన్నమాట మీద నిలబడే మనిషని ఇప్పుడు గౌస్‌కు బాగా తెలుసు. అదే ఆయనకు మింగుడుపడలేదు.

"ఆయనేం జేయలేదు బిడ్డా. నేనే ఆపించినా."

అవతల ఆ పిల్ల ఫోన్ పెట్టేయలేదు.

"ఎందుకబ్బా?" అంది.

గౌస్ ఎర్రబంక గురించి చెప్పబోయాడు. నోరు తెరిచాక, అది కారణం కాదని ఆయనకే తెలిసిపోయింది.